ఒక వేషం లాగేసుకుంటే: ఇవాన్ మికొలాయ్‌చుక్ నట, దర్శక జీవితం

అందరికీ నమస్కారం. సినిమా మొదలయ్యేలోపు దాన్ని తీసిన మనిషి గురించి కాసేపు చెప్పమన్నారు. నేను నాటకాలవాణ్ణి, అందుకని నటుడి వైపు నుంచే మాట్లాడతాను.

ఆ మనిషి పేరు ఇవాన్ మికొలాయ్‌చుక్. ఉక్రెయిన్ దేశస్థుడు. నలభై ఆరేళ్ళే బతికాడు. ముప్పైకి పైగా సినిమాల్లో నటించాడు, స్క్రిప్టులు రాశాడు, దర్శకత్వం చేసినవి మాత్రం రెండే. ఆ రెండింట్లో మొదటిది, 'బాబిలోన్ 20', ఇవాళ మనం చూడబోతున్నాం.

నటులు దర్శకులు కావడం మనకు కొత్తేమీ కాదు. భానుమతి గారు, రామారావు గారు, సావిత్రి గారు అందరూ మెగాఫోన్ పట్టినవాళ్ళే. పెద్ద పేరు సంపాదించాక, ఆ పేరు ఇచ్చిన ధైర్యంతో ఆ పనికి దిగారు. మికొలాయ్‌చుక్ సంగతి అలా కాదు. తాను నటిద్దామని తానే రాసుకున్న వేషాన్ని సోవియట్ అధికారులు ఆయన చేతిలోంచి లాగేసుకున్నారు. తర్వాత ఆయన హీరోగా చేసిన సినిమాను విడుదల కానివ్వలేదు. ఆ తర్వాత వేషాలే రానివ్వలేదు. ఒక తలుపు మూసుకున్నప్పుడల్లా ఆయన ఇంకో పని నేర్చుకున్నాడు. అలా నేర్చుకుంటూ దర్శకత్వం దాకా వచ్చాడు. నా దృష్టిలో ఈయన నటనను వదిలి దర్శకుడైనవాడు కాడు. నటుడిగా చెయ్యనివ్వని పనిని దర్శకుడిగా పూర్తి చేసుకున్నవాడు.

మొదటి నుంచీ చెప్తాను.

1941 జూన్ 15న చోర్తొరీయ అనే పల్లెటూళ్ళో పుట్టాడు. పెద్ద రైతు కుటుంబం. అది బుకొవీనా ప్రాంతం, కార్పాతియన్ కొండల పాదాల దగ్గర. ఆ తేదీని కాస్త గుర్తుపెట్టుకోండి. సరిగ్గా వారానికి, జూన్ 22న, హిట్లర్ సేనలు సోవియట్ యూనియన్ మీద పడ్డాయి. 1918 దాకా ఆ నేల ఆస్ట్రియా చక్రవర్తిది. తర్వాత రొమేనియాది. 1940లో సోవియట్లు తీసుకున్నారు. మరుసటేడు మళ్ళీ రొమేనియా, 1944లో మళ్ళీ సోవియట్. అంటే ఆ ఊళ్ళో ఒక ముసలాయన ఇల్లు కదలకుండానే మూడు రాజ్యాల పౌరుడు కాగలడు. ఏ జెండా ఎగిరినా పొలం దున్నాలి, పెళ్ళిళ్ళు చెయ్యాలి, చచ్చినవాళ్ళ కోసం ఏడవాలి. మికొలాయ్‌చుక్ సినిమాల్లో పెళ్ళి, చావు, పాట అంత బలంగా ఉండడానికి మూలం అక్కడే ఉందని నా నమ్మకం. ఏ ప్రభుత్వం వచ్చినా ఆ మూడూ వాళ్ళ చేతిలోనే మిగిలాయి.

ఆ ప్రాంతానికి ముఖ్యపట్టణం చెర్నివ్‌త్సి. మెడిసిన్ చదవడానికి వెళ్ళిన మన పిల్లలకు ఈ ఊరి పేరు బాగా తెలుసు, బుకొవీనా వైద్య విశ్వవిద్యాలయం అక్కడే ఉంది. 2022లో యుద్ధం మొదలైనప్పుడు అక్కడున్న భారతీయ విద్యార్థులు పక్కనే ఉన్న రొమేనియా సరిహద్దు దాటి వచ్చారు. టీవీల్లో మనం చూసిన ఆ మంచు రోడ్లు మికొలాయ్‌చుక్ సొంత జిల్లావి.

ఆ ఊళ్ళోనే ఒక అందమైన నాటకశాల ఉంది. వియన్నా వాస్తుశిల్పులు ఫెల్నర్, హెల్మర్ కట్టింది, 1905 నాటిది. ఒదేసా ఒపేరా హౌస్ కట్టింది కూడా వాళ్ళే. సోవియట్ కాలంలో ఆ థియేటరుకు ఓల్హా కొబిలియాన్‌స్కా అనే రచయిత్రి పేరు పెట్టారు. మన ఇవాన్ ముందు సంగీత పాఠశాలలో చదివాడు. 1957లో అది పూర్తి చేసి, ఈ థియేటరుకు అనుబంధంగా ఉన్న నటశిక్షణ స్టూడియోలో చేరాడు. 1961 దాకా అక్కడే. సంగీతం ముందు, నాటకం తర్వాత, సినిమా ఆ తర్వాత. ఈ వరస ఆయన చేసిన ప్రతి పనిలోనూ కనిపిస్తుంది. ఆయన భార్య మరీయా కూడా ఆ థియేటరులోనే పరిచయం. ఇంట్లో పిలిచే పేరు మరీచ్‌కా. ఆవిడ మంచి గాయని. నీనా మత్వియెన్కో, వలెంతీనా కొవాల్‌స్కాలతో కలిసి 'బంగారు తాళంచెవులు' అనే పేరుతో ముగ్గురూ పాడిన జానపదాలు ఉక్రెయిన్‌లో ఇప్పటికీ వింటారు.

తర్వాత కీవ్ వెళ్ళి కార్పెన్కో-కారీ నాటక విద్యాసంస్థలో చేరాడు. అక్కడ సినిమా నటన నేర్పింది విక్తర్ ఇవ్చెన్కో అనే దర్శకుడు. ఈ గురువు లేకపోతే మనం ఇవాళ ఇక్కడ కూర్చునేవాళ్ళం కాదు.

ఎందుకంటే, ఆ రోజుల్లో కీవ్‌లోని దొవ్‌జెన్కో స్టూడియోలో సెర్గీ పరజానోవ్ ఒక సినిమా మొదలుపెడుతున్నాడు. ఆయన జార్జియాలోని తిబిలిసిలో పుట్టిన ఆర్మేనియన్. తీస్తున్న కథ కార్పాతియన్ కొండల్లో ఉండే హుత్సుల్ జనానిది. మిఖాయిలో కొత్సుబీన్‌స్కీ 1911లో రాసిన నవలిక, 'మరచిపోయిన పూర్వీకుల నీడలు'. నాయకుడి పేరు ఇవాన్, నాయిక పేరు మరీచ్‌కా. అవును, మన ఇవాన్, ఆయన భార్య పేర్లే!

నాయకుడి వేషానికి పరజానోవ్ అప్పటికే మాస్కో నటుణ్ణి ఒకణ్ణి ఖాయం చేసుకున్నాడు. ఇవ్చెన్కో మా కుర్రాణ్ణి ఒకసారి చూడండి అని పంపాడు. పెద్దాయన మాట కాదనలేక స్క్రీన్ టెస్ట్ పెట్టమని ఛాయాగ్రాహకుడు యూరీ ఇల్యెన్కోకు చెప్పి పరజానోవ్ వెళ్ళిపోయాడు. కెమెరాలోంచి చూసిన ఇల్యెన్కో టెస్ట్ మధ్యలోనే పరుగెత్తుకెళ్ళి ఆయన్ని వెనక్కి పిలుచుకొచ్చాడట. ఇది ఇల్యెన్కో స్వయంగా పలుమార్లు చెప్పుకున్న కథ. అలా ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ విద్యార్థికి ఆ వేషం వచ్చింది.

ఆ సినిమా గురించి చెప్పడం మొదలుపెడితే ఇవాళ మన సినిమా ఉండదు. ఒక్క సంగతి మాత్రం చెప్తాను, ఎందుకంటే అది నటుడికి సంబంధించింది. మొదట్లోనే చర్చి దగ్గర జరిగిన గొడవలో ఇవాన్ తండ్రిని గొడ్డలితో నరుకుతారు. తెర మీద నెత్తురు కారుతుంది, ఆ వెంటనే ఎర్రటి గుర్రాలు ఎగురుతూ పోతాయి. కెమెరా చెట్టుతో పాటు కూలుతుంది, మనుషుల చుట్టూ గిరగిరా తిరుగుతుంది. అలాంటి కెమెరా ముందు నటించడం ఎంత కష్టమో ఆలోచించండి. దృశ్యమే అంత ఊగిపోతుంటే నటుడు ఏం చెయ్యాలి? మికొలాయ్‌చుక్ తగ్గాడు. ఎంత తక్కువ చెయ్యొచ్చో అంత తక్కువ చేశాడు. మరీచ్‌కా చనిపోయాక సినిమాలో రంగులు పోతాయి, కొంతసేపు అంతా నలుపు తెలుపే. మాసిన గడ్డం, చినిగిన బట్టలతో ఇవాన్ కూలిపని చేస్తూ తిరుగుతుంటాడు. చుట్టూ ఊరివాళ్ళ గొంతులు ఆయన గురించి చెప్పుకుంటూ ఉంటాయి. ఆయన మాట్లాడడు. కళ్ళు కూడా ఎవర్నీ వెతకవు. దుఃఖాన్ని చూపించకుండా దుఃఖంలో ఉండడం ఎలాగో నేర్చుకోవాలంటే నటులు ఆ పది నిమిషాలు చూడాలి. తర్వాత ఇంకో పెళ్ళి జరుగుతుంది. వధూవరుల కళ్ళకు గంతలు కట్టి, ఇద్దరి మెడల మీద ఎడ్ల కాడి పెడతారు. కాడి కింద నిలబడ్డ ఆ మనిషి ముఖంలో ఆ పెళ్ళి ఎలా ముగియబోతోందో అప్పుడే తెలిసిపోతుంది.

అదే 1964లో ఆయన ఇంకో పెద్ద వేషం కూడా వేశాడు. వొలొదీమీర్ దెనీసెన్కో తీసిన 'కల' అనే సినిమాలో తరాస్ షెవ్‌చెన్కో పాత్ర. షెవ్‌చెన్కో అంటే ఉక్రెయిన్ ప్రజలకు మహాకవి. వెట్టి బానిసగా పుట్టాడు. 1838లో స్నేహితులు ఒక చిత్రపటాన్ని అమ్మి, ఆ 2500 రూబుళ్ళతో ఆయనకు స్వేచ్ఛ కొనిపెట్టారు. చదువు పూర్తికాని కుర్రాడు ఒకే ఏడాది ఒక జాతి పురాణానికీ, ఆ జాతి కవికీ ముఖమయ్యాడు. అదృష్టమే. కానీ ఆ ముఖం చూస్తే ప్రభుత్వానికి ఏం గుర్తొస్తుందో కూడా అప్పుడే ఖాయమైపోయింది.

1965 సెప్టెంబర్ 4న కీవ్‌లో 'ఉక్రాయినా' అనే సినిమా హాల్లో 'నీడలు' ప్రదర్శన. ఆ వేసవిలోనే ఉక్రేనియన్ మేధావులను చాలామందిని గుట్టుచప్పుడు కాకుండా అరెస్టు చేశారు. విమర్శకుడు ఇవాన్ జ్యూబా వేదిక ఎక్కి, సినిమా గురించి మాట్లాడుతున్నట్టే మొదలుపెట్టి, ఆ అరెస్టుల సంగతి అందరి ముందూ చెప్పేశాడు. నిరంకుశత్వానికి వ్యతిరేకులైనవాళ్ళు లేచి నిలబడండని హాల్లోంచి పిలుపు వచ్చింది. కొందరు లేచారు. ఆ మాటలు వినిపించకుండా సైరన్ మోగించారు. లేచినవాళ్ళలో వాసిల్ స్తూస్ అనే యువకవి ఉన్నాడు. ఆయన పరిశోధక విద్యార్థి సీటు పోయింది, తర్వాత జైలు, చివరికి 1985లో ఖైదీల శిబిరంలోనే చనిపోయాడు. ఆ సినిమాకు రష్యన్ డబ్బింగ్ చెయ్యడానికి పరజానోవ్ ఒప్పుకోలేదు. హుత్సుల్ జనం మాట్లాడే యాసలోనే ఉంచాడు. అంటే ఆ రోజు నుంచీ మికొలాయ్‌చుక్ ముఖం తెర మీద కనిపిస్తే చూసేవాళ్ళకు వేరే సంగతులు కూడా గుర్తొచ్చేవి. ఆయన ఏ రాజకీయ ప్రసంగమూ చెయ్యక్కర్లేకపోయింది.

ఇప్పుడు ఆ వేషం సంగతికి వస్తాను. నా లెక్కలో ఆయన జీవితంలో మలుపు అదే.

ఛాయాగ్రాహకుడు ఇల్యెన్కో దర్శకుడయ్యాడు. ఆయనా, మికొలాయ్‌చుక్ కలిసి 'నల్ల మచ్చ ఉన్న తెల్ల పక్షి' అనే స్క్రిప్టు రాశారు. కథ బుకొవీనాదే, రెండో ప్రపంచ యుద్ధానికి కాస్త ముందూ వెనకా. ద్జ్వొనార్ అని ఒక పేద కుటుంబం, నిండా పిల్లలు. అన్నదమ్ముల్లో ఒకడు సోవియట్ల వైపు వెళ్తాడు. ఇంకొకడు, పేరు ఒరెస్త్, సోవియట్లతో పోరాడే ఉక్రేనియన్ జాతీయవాదుల వైపు వెళ్తాడు. మికొలాయ్‌చుక్ పుట్టిపెరిగిన ఊళ్ళలో ఇది కథ కాదు, ఇంటింటా జరిగింది. ఒరెస్త్ వేషం తాను వెయ్యాలని ఆయన అనుకున్నాడు. అధికారులు వీల్లేదన్నారు. శత్రువు పాత్రలో అంత మంచి ముఖమా? జనం వాణ్ణి ప్రేమించేస్తారు కదా! వాళ్ళ భయం అదీ. ఒక నటుడి బలాన్ని వాళ్ళకంటే బాగా ఎవరూ అంచనా వెయ్యలేదనే చెప్పాలి.

అప్పుడు ఒరెస్త్ వేషానికి ల్వీవ్‌లో జన్‌కొవెత్స్కా థియేటరు నటుడు బొహ్దాన్ స్తూప్కాను తీసుకొచ్చారు. ఆయనకు అదే మొదటి పెద్ద సినిమా. మికొలాయ్‌చుక్ పెత్రో అనే సోదరుడి పాత్ర వేశాడు, అంటే సోవియట్ల వైపు వెళ్ళినవాడి పాత్ర. స్తూప్కా ఒరెస్త్‌ను అద్భుతంగా చేశాడు. జనం ప్రేమించకూడదనుకున్న పాత్రను జనం ప్రేమించారు. ఆ స్తూప్కాయే తర్వాత ఉక్రెయిన్ నటుల్లో శిఖరం అంతటివాడయ్యాడు, స్వతంత్ర ఉక్రెయిన్‌కు సాంస్కృతిక మంత్రి కూడా అయ్యాడు. ఆ సినిమాకు 1971లో మాస్కో చలనచిత్రోత్సవంలో బంగారు బహుమతి వచ్చింది.

నటులు ఇక్కడ కొందరున్నారు కాబట్టి అడుగుతున్నాను. నెలల తరబడి మీరే రాసుకున్న పాత్ర. దాని ప్రతి మాటా మీ నోట్లో పలికించుకుని చూసుకున్నారు. రోజూ సెట్ మీద మీ ఎదురుగా నిలబడి ఇంకొకాయన ఆ మాటలు చెబుతుంటే, మీరు పక్క పాత్రలో నిలబడి ఆయనకు జవాబివ్వాలి. పెత్రో, ఒరెస్త్ కలిసి ఉన్న దృశ్యాల్లో మికొలాయ్‌చుక్‌ను గమనించండి. అసూయ ఎక్కడా కనబడదు. ఎదుటి నటుడికి చోటిస్తాడు, ఆయన మాట పూర్తయ్యేదాకా వింటాడు. దర్శకుడికి ఉండాల్సిన మొదటి లక్షణం అదేనని నేను అనుకుంటాను. ఆ సెట్ మీదే ఆయన దర్శకుడు కావడం మొదలైంది.

తర్వాతిది 1972. గోగోల్ కథ ఆధారంగా 'పోయిన ఉత్తరం'. కవి ఇవాన్ ద్రాచ్ స్క్రిప్టు, బోరిస్ ఇవ్చెన్కో దర్శకత్వం. ఈ బోరిస్ ఎవరో కాదు, గురువు గారి అబ్బాయే. వాసిల్ అనే కొసాక్, అంటే ఉక్రెయిన్ గుర్రపు యోధుడు, రాణిగారికి అందించాల్సిన ఉత్తరం పట్టుకుని పీటర్స్‌బర్గ్ బయలుదేరతాడు, దారిలో దయ్యాలు అడ్డం పడతాయి. గోగోల్ కథలో ఆ ఉత్తరం కోసం మంత్రగత్తెలతో పేకాడాల్సి వస్తుంది. హాయిగా నవ్వుకునే కథ. మికొలాయ్‌చుక్ వాసిల్ వేషం వేశాడు, పాటలు ఎంచాడు. సగం దర్శకత్వం ఆయనదేనని ఆ సినిమా సంగతి తెలిసినవాళ్ళు అంటారు. అయితే ఆ ఏడాది జనవరిలోనే ఉక్రెయిన్‌లో మరో విడత అరెస్టులు జరిగాయి. గుర్రం మీద నవ్వుకుంటూ పోయే కొసాక్ కూడా అనుమానాస్పదుడే అయ్యాడు. సినిమాను మూలన పడేశారు. జనం దాకా సరిగ్గా రావడానికి పదేళ్ళు పైనే పట్టింది. మరుసటేడు డిసెంబరులో పరజానోవ్‌ను అరెస్టు చేసి ఐదేళ్ళ శిక్ష వేశారు.

ఆ తర్వాత కొన్నేళ్ళు మికొలాయ్‌చుక్‌కు గడ్డుకాలం. జాతీయవాది అనే ముద్ర పడింది. పేరు పంపితే పైనుంచి తిరిగొచ్చేది. ఈ భాగాన్ని నేను సాగదీయను. కళాకారుల కష్టాలను ఏకరువు పెట్టి వాళ్ళ పనిని పక్కన పెట్టడం నాకు నచ్చదు. ఆ కాలంలో ఆయన రాస్తూ వచ్చాడు. అంతవరకు చాలు.

1979. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో మొదటిసారి దర్శకుడయ్యాడు. 'బాబిలోన్ 20'. ఆధారం వాసిల్ జెమ్లియాక్ నవల 'హంసల గుంపు'. నవలా రచయిత అప్పటికి రెండేళ్ళ కిందటే పోయాడు. బాబిలోన్ అనేది ఒక ఉక్రేనియన్ పల్లె పేరు. 1920ల కాలం. విప్లవం వచ్చింది, ఊళ్ళో కమ్యూన్, అంటే ఉమ్మడి సాగు సంఘం, పెడుతున్నారు, భూమి ఎవరిదన్న తగాదా మొదలైంది. ఆ రోజుల్లో ఈ వస్తువుతో సోవియట్ సినిమాలు లెక్కలేనన్ని వచ్చాయి. మంచి పేదలు, చెడ్డ ధనికులు, చివర్న ట్రాక్టరు. అధికారులు అనుమతి ఇచ్చింది కూడా బహుశా ఆ వస్తువు చూసే.

మికొలాయ్‌చుక్ చేసిందేమిటంటే, ఆ ఊరి కథను ఊరి తత్వవేత్త కళ్ళతో చూపించాడు. ఆయన పేరు ఫాబియన్. కళ్ళద్దాలు పెట్టుకుంటాడు. శవపేటికలు చేసే వడ్రంగి. వెంట ఎప్పుడూ ఒక మేకపోతు ఉంటుంది, దాని పేరూ ఫాబియనే. నిజానికి మేక పేరే మనిషికి వచ్చింది. ఆ వేషం దర్శకుడే వేశాడు. మన వీధినాటకంలో సూత్రధారుడిలా కథలోనూ ఉంటాడు, కథ బయటా ఉంటాడు. ఎవరు ఎవర్ని చంపినా పేటిక కొలత తీసుకోవాల్సింది తనే కాబట్టి, ఏ పక్షాన్నీ తొందరపడి ప్రేమించలేడు, ద్వేషించలేడు. విప్లవం గురించి ప్రభుత్వ స్టూడియోలో తీస్తున్న సినిమాకు ఇలాంటి మనిషిని కేంద్రం చెయ్యడం ఎంత తెగువో చూడండి.

ఒక దర్శకుడు తానే నటిస్తే కెమెరా తన చుట్టూ తిరుగుతుందని మనం అనుకుంటాం. ఇక్కడ అలా జరగదు. మాల్వా అనే స్త్రీ పాత్ర ల్యుబోవ్ పొలీష్చుక్ చేసింది. ఊరంతా ఆ స్త్రీ చుట్టూ తిరుగుతుంది, కెమెరా కూడా. ఫాబియన్ పక్కకు జరిగి చూస్తుంటాడు. ఆయన చూపు వెంటే మనమూ చూస్తాం. ఒరెస్త్ ఎదుట నిలబడి నేర్చుకున్న పాఠం ఇదేనని నాకు అనిపిస్తుంది. సంగీతం కూర్పు కూడా ఆయనే చేశాడు. మొదట సంగీత పాఠశాలలో చదివాడని చెప్పాను కదా, ఆ చదువు ఇక్కడ పనికొచ్చింది. 1980లో దుషాన్బేలో జరిగిన అఖిల సోవియట్ చలనచిత్రోత్సవంలో ఈ సినిమాకు ఉత్తమ దర్శకత్వ బహుమతి ఇచ్చారు. ఏళ్ళ తరబడి పక్కన పెట్టిన మనిషికి!

రెండో సినిమా 1981లో. 'ఇంత ఆలస్యపు, ఇంత వెచ్చని శరదృతువు'. కెనడాలో స్థిరపడిన ఒక పెద్దాయన బుకొవీనాలో సొంత ఊరు చూసుకోవడానికి వస్తాడు. బుకొవీనా నుంచి కెనడాకు వలసలు పందొమ్మిదో శతాబ్దం చివర్నే మొదలయ్యాయి, కాబట్టి అక్కడ చాలా ఇళ్ళకు ఇది సొంత కథ. దీన్ని సెన్సారు వాళ్ళు బాగా కోశారు. మొదటి సినిమా అంత బిగువు ఇందులో లేదు, నేను దాచను. అయినా ఊళ్ళోకి అడుగుపెట్టిన మనిషి ముఖాల్లో ముఖాలు వెతుక్కునే తీరు మాత్రం మికొలాయ్‌చుక్ తప్ప ఇంకొకరు తియ్యలేరు.

మూడోది తీద్దామనుకున్నాడు. 'ఇవాన్ గురించి కట్టుకథలు' అని స్క్రిప్టు సిద్ధం చేసుకున్నాడు. ఈసారి ఆరోగ్యం సహకరించలేదు. 1987 ఆగస్టు 3న కీవ్‌లో చనిపోయాడు. బైకొవె శ్మశానంలో సమాధి ఉంది. మరుసటేడు ఉక్రెయిన్ అత్యున్నత కళా పురస్కారం, షెవ్‌చెన్కో బహుమతి, మరణానంతరం ఇచ్చారు. ఆ స్క్రిప్టును బోరిస్ ఇవ్చెన్కో 1989లో సినిమాగా తీశాడు. గురువు స్క్రీన్ టెస్టుకు పంపాడు, గురువు కొడుకు చివరి కథను తెరకెక్కించాడు. పరజానోవ్‌ను జైలు నుంచి విడిచిపెట్టి అప్పటికి చాలా ఏళ్ళయింది, ఉక్రెయిన్ స్వతంత్రం కావడానికి ఇంకో రెండేళ్ళుంది. మికొలాయ్‌చుక్ ఆ రోజు చూడలేదు.

సరే, టైమయింది. సినిమా చూసేటప్పుడు రెండు విషయాలు గమనించమని కోరుతున్నాను. గుంపు దృశ్యాల్లో వెనక వరసలో నిలబడ్డవాళ్ళను చూడండి. అక్కడ ఎవరూ ఊరికే నిలబడరు, ప్రతి మనిషికీ ఒక పని ఉంటుంది. నాటకాల్లో పెరిగిన దర్శకుడు ఆ వెనక వరసను వదిలిపెట్టడు. రెండోది, ఫాబియన్ మాట్లాడనప్పుడు ఆయన చేతులు చూడండి. సబ్‌టైటిళ్ళు కాస్త వేగంగా పోతాయి, ఒకటీ అరా తప్పినా కంగారుపడకండి. మీకు ఏం కనబడిందో సినిమా అయ్యాక ఇక్కడే కూర్చుని మాట్లాడుకుందాం. లైట్లు ఆపండి.